ఎరువు తెచ్చిన బీరువా

అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొక కోడలు. ఈ కథలోని కోడలు ఏడ్చే రకం కాదు. ఎదుటివారికి నవ్వు వస్తోందన్న అనుమానం కలిగితే చాలు, అది పెదవుల మీదికి రాకముందే మాటతో కోసి పారేసే రకం. అత్తగారు పెద్దకోడలిని 'పెద్దది' అనీ, ఈమెను 'చిన్నది' అనీ పిలిచేది. ఆ ఇల్లాలు కాలం చేసి, ఆమె కొడుకులిద్దరూ వేరుపడి, ఒకరి గడప ఒకరు తొక్కడం మానేసిన తరువాత కూడా ఆ పేర్లు మాత్రం వేరుపడలేదు. పేటలో అందరికీ ఆమె చిన్నదే. వెనుక మాత్రం కొందరు 'కత్తెర' అనేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసి లోలోపల కొంత గర్వపడేది కూడా.

ఆ నోటికి ఒక చరిత్ర ఉంది. తల్లి పసితనంలోనే పోతే చిన్నది మేనమామ ఇంట పెరిగింది. అందరూ తిని లేచాక గిన్నెలో మిగిలినది ఆమె వాటా. ఆకలి వేస్తోందని చెప్పడం ఆ ఇంట్లో తిట్టుతో సమానం. అలా అన్నరోజున మేనమామ భార్య, "దేహీ అనడం అప్పుడే నేర్చిందమ్మా," అని నలుగురిలో నవ్వేది. అందుచేత ఆ పిల్ల తిండి కంటే ముందు గుట్టు నేర్చింది. కడుపు మాడుతున్నా మూతి తుడుచుకొని వచ్చి నిలబడేది. దారిద్ర్యం ఒక దుఃఖమైతే, దానిని దాచడం జన్మాంతపు చాకిరీ. ఆ చాకిరీలో చిన్నదానికి సాటి లేదు.

జీతానికి చేసే చాకిరీ వేరే ఉంది. పెద్దాసుపత్రి లాండ్రీలో ఆమె దుప్పట్లు ఏరేది. మూటలు విప్పి, నెత్తురు మరకలున్నవాటిని చన్నీళ్ళ తొట్టిలోకి, తక్కినవాటిని వేడినీళ్ళ యంత్రంలోకి వేరుచేయాలి. నెత్తురు మరకకు వేడి తగిలిందా, ముద్ర వేసినట్లు నిలిచిపోతుంది. మధ్యాహ్నం నుంచి ఆవిరి రోలరు ముందు నిలబడి, బయటికి వచ్చే దుప్పట్లను అంచులు కలిపి మడవాలి. పగలంతా కొలిమిలో ఉన్నట్లుండేది ఆమె బ్రతుకు. ఇంటికి వస్తే నీటిలో ఉన్నట్లుండేది.

ఆ ఇల్లు వీధి మట్టానికి దిగువన, మెట్లు దిగి వెళ్ళవలసిన ఒంటిగది. వెనుకగోడలో ఎక్కడో గొట్టం పగిలి ఏళ్ళ తరబడి ఊరుతూనే ఉంది. ఇంటివాడిని అడిగితే గొట్టం పక్కింటిదన్నాడు. పక్కింటివాడిని అడిగితే గోడ నాది కాదన్నాడు. చిన్నదాని మగడు రంగులు వేసే మేస్త్రీ. పరాయి గోడలను అద్దాల్లా నిలబెట్టే ఆ మనిషి సొంత గోడ ముందు ఓడిపోయాడు. సున్నం పూశాడు, లప్పం పెట్టాడు, నూనెరంగు వేశాడు. ప్రతి పూతా కొన్నాళ్ళకు పొక్కులు పొక్కి, పెచ్చులై చాపల మీద రాలేది. దాని వెనుక నుంచి నల్లటి బూజు మళ్ళీ తొంగిచూసేది. వాళ్ళ ఏకైక సంతానమైన ఆడపిల్ల ఆ గోడ పక్కనే పుట్టి, ఆ గాలినే పీల్చి, పాఠశాలకు వెళ్ళే ఈడు వచ్చేసరికి ఆయాసం తెచ్చుకుంది. వెల్లకిలా పడుకోలేదు, దిండ్లకు ఆనుకొని కూర్చునే నిద్రపోయేది. ఆసుపత్రి డాక్టరు చూసి, "మందు నేనిస్తాను. గోడ మీరు మార్చుకోవాలి," అన్నాడు.

మార్చుకునే దారి ఒకటి ఆ పేటలోనే ఉంది. పాత గోదామును కొని, మీద రెండంతస్తులు లేపి, గదులు కట్టిన ఒక సేవాసంస్థ ఉండేది. కుటుంబాలను అక్కడ కొన్నేళ్ళు తక్కువ అద్దెకు ఉంచి, పిల్లలను చూసిపెట్టి, పెద్దలకు పని కుదిర్చి, కాళ్ళ మీద నిలబడ్డాక సొంత ఇంటికి సాగనంపేవారు. వారిదొక వింత పద్ధతి. కాగితాన్ని నమ్మేవారు కారు. కాగితం అబద్ధమాడితే దాని ముఖం చూడలేం, మనిషైతే చూడవచ్చునని సంస్థ పెట్టిన పెద్దాయన సిద్ధాంతం. గది కోరిన ఇంటికి, అంతకుముందు అదే సంస్థ చేయూతతో పైకి వచ్చిన మనిషి ఒకరు సాక్షిగా వెళ్ళాలి. కొన్ని ఆదివారాలు వెళ్ళి, కూర్చొని, చూసి, సభలో అందరి ఎదుటా నోటితో చెప్పాలి. చూసినదే చెప్పాలి, విన్నది గానీ ఊహించినది గానీ చెప్పకూడదు. ఇంకొక నియమం కూడా ఉంది: చెప్పకుండా వెళ్ళకూడదు. బీదవాడి తలుపు కూడా తలుపే, తట్టే హక్కు ముందుగా అడిగి తెచ్చుకోవాలి అనేవాడు ఆ పెద్దాయన. మాట మంచిదే. కానీ ఏ మంచి ఎక్కడ ముల్లై గుచ్చుకుంటుందో చెప్పిన వాడికి తెలియదు.

పై అంతస్తులో తూర్పు కిటికీ ఉన్న గది ఖాళీ కాబోతోందని తెలిసి చిన్నది వెళ్ళి అడిగింది. అడగడానికి ఆమెకు ఎంత కష్టమైందో గడప దగ్గరే వదిలేద్దాం. కార్యదర్శి, తపాలా శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన పెద్దావిడ, ఆదరంగానే విన్నది. తరువాత, సాక్షిగా ఎవరో బయటివారు ఎందుకు, మీ సొంత తోడికోడలే ఉంది కదా, అంతకంటే మేలు కోరేవారు ఎవరుంటారని సంతోషంగా చెప్పింది.  వేరొకరిని పంపమంటే కారణం చెప్పాలి. కారణం చెబితే ఇంటి గుట్టు పెదవి దాటుతుంది. పెదవి దాటినది పృథివి దాటుతుంది. చిన్నది తలూపి వచ్చేసింది.

కారణం ఒక పొయ్యి. అన్నదమ్ములు కలిసి ఉన్న రోజుల్లో రెండు కుటుంబాలకూ ఒకటే వంట. పెద్దదానికి సంస్థలో పసిపిల్లల గది ఆయా పని దొరికి, అదే మేడలో కింది గది ఇచ్చారు. ఒక పగటిపూట, చిన్నది లాండ్రీలో ఉండగా, పెద్దది సామాను సర్దుకొని వెళ్ళిపోయింది. చిన్నది తిరిగి వచ్చేసరికి పొయ్యి ఉండవలసిన చోట నాలుగు కాళ్ళ గుర్తులు ఉన్నాయి. ఆ పొయ్యి పెద్దదాని పుట్టింటివారు ఇచ్చినదే, అందులో అబద్ధం లేదు. చిన్నదానిని కాల్చింది అది కాదు. వెళ్తున్నానని ఒక్క మాట చెప్పకపోవడం. ఆ సాయంత్రం ఆమె పళ్ళతో పాటు ఒట్టు కూడా బిగించింది: చచ్చినా ఆ గడప తొక్కను. నాటి నుంచి పేటలో పెద్దదాని పేరు వచ్చినచోటల్లా, "ఎవరు, పొయ్యి ఎత్తుకుపోయిన ఆవిడా?" అనేది. అసలు కాలినదెక్కడో మాత్రం పెదవి దాటనిచ్చేది కాదు.

ఇప్పుడు ఆ ఆవిడే తన గది చూడడానికి వస్తుంది. మేనమామ భార్య నవ్వు మళ్ళీ చెవుల్లో మోగింది చిన్నదానికి. కామక్రోధాదులని పెద్దలు చెప్పిన ఆరుగురిలో ఐదుగురు ఎప్పుడైనా అలిసిపోతారు గాని, మాత్సర్యం మాత్రం అలిసిపోదు. అది ఆ వారమంతా ఆమె చేత పని చేయించింది. నేల రుద్దించింది. పక్కింటి నుంచి కుర్చీలు తెప్పించింది. చివరికి ఎదురింటి టైలరు దగ్గరకు తీసుకువెళ్ళింది. అతని కొట్టు వెనుక గదిలో ఒక చెక్కబీరువా ఉండేది, నిలువెత్తుది, చెక్కడపు తలుపులది. కొన్నాళ్ళు ఎరువిమ్మని అడిగింది. బీరువాలో తన అత్తింటివారి పాత బట్టలు ఉన్నాయనీ, తాళం తన దగ్గరే ఉంటుందనీ, చెమ్మ తగలకుండా చూడాలనీ టైలరు షరతులు పెట్టాడు. అన్నింటికీ ఊఁ అంది.

మగడు సాయం పట్టి బీరువా దించాడు గాని, దానిని ఆమె తడిగోడకు ఆనించి నిలబెట్టమనగానే నిలిచిపోయాడు.

"ఏమే, గది కావాలని అడిగింది ఆ గోడ వల్లే కదా. ఆ గోడనే మూసేస్తే వదిన ఏం చూస్తుంది?"

"మనం బ్రతుకుతున్నామని చూస్తుంది. గది ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. అది నవ్వకూడదు."

"మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె."

"మీసాలు నీకున్నాయి. నూనె నేను తెస్తున్నా. జరుపు."

జరిపాడు. దగ్గు వినబడుతుందని పిల్లను వీధి చివరి ఇంటికి ఆడుకోవడానికి పంపింది. పిల్ల వెళ్తూ, పెద్దమ్మను చూడాలని ఉందని గొణిగింది. మరోసారి చూద్దువుగాని అంది తల్లి.

పెద్దది వచ్చింది. లావుపాటి మనిషి, మెట్లు దిగడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. కుర్చీలో కూర్చొని గదినంతా నిదానంగా చూసింది. ఇద్దరూ నేరుగా ఒకరినొకరు పలకరించుకోలేదు. పిల్లేదని పెద్దది గాలిని అడిగింది. ఆడుకోను పోయిందని చిన్నది కిటికీకి చెప్పింది. ఒంట్లో ఎలా ఉందంటే రాయిలా ఉందని చెప్పింది. టీ ఇచ్చింది. పెద్దది రెండు గుక్కలు తాగి, బీరువా మీద చూపు నిలిపింది.

"బాగుంది."

"కొందరి దయ లేకుండానే సమకూర్చుకున్నాం."

"దయ ఎవరడిగారులే," అని పెద్దది గ్లాసు కింద పెట్టి, మళ్ళీ గోడ పట్టుకొని మెట్లెక్కి వెళ్ళింది.

తరువాతి ఆదివారాలలోనూ అదే తంతు. ప్రతిసారీ చిన్నది ఒక మెట్టు పైకి వెళ్ళేది: ఒకసారి గాజు గ్లాసులు, ఒకసారి నేల మీద తివాచీ. పెద్దది వెళ్ళిన ప్రతిసారీ విజయం సాధించినట్లు తలుపు వేసేది. ఈలోగా వానలు పట్టుకున్నాయి. పిల్లకు దగ్గు పెరిగింది. వానల వల్లనే అనుకుంది తల్లి.

సభ రోజు వచ్చింది. సంస్థ కింది హాలులో బల్లల మీద పేటవాళ్ళు కూర్చున్నారు. గది కోరిన కుటుంబాలు రెండు: చిన్నదానిది, ఇటుకబట్టీలో పనిచేసే ఒక జంటది. ముందు వాళ్ళ సాక్షి లేచి, కప్పు కారడం, తిండిగింజలు తడవడం చెప్పింది. ఆ తరువాత పెద్దది లేచింది. ఇల్లు శుభ్రంగా ఉందనీ, కుర్చీలున్నాయనీ, మంచి చెక్కబీరువా ఉందనీ, పిల్ల రాయిలా ఉందని తల్లి చెప్పగా విన్నాననీ, వెళ్ళిన ఏ ఆదివారమూ పిల్ల కనబడలేదు కనుక తాను చూసినది మాత్రం కాదనీ చెప్పింది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. కార్యదర్శి కొంచెం ఆశ్చర్యంగా చిన్నదాని వైపు చూసి, గది బట్టీవాళ్ళకే దక్కేట్లుందనీ, వచ్చే ఆదివారం తాళంచెవి ఇస్తామనీ, ఆలోగా ఎవరైనా తమ సాక్షిని మళ్ళీ పిలిపించుకోదలిస్తే స్వయంగా వెళ్ళి పిలుచుకోవచ్చుననీ చెప్పి సభ ముగించింది.

బయట వరండాలో చిన్నది తోడికోడలి దారికి అడ్డం నిలబడింది. ఏళ్ళ తరువాత మొదటిసారి నేరుగా మాట్లాడింది.

"పొయ్యి చాలలేదా? గది కూడా ఎత్తుకుపోయావు."

పెద్దది కదలలేదు. "ఆ బీరువా టైలరుది. ఎడమ తలుపు మీద గీత ఉంది. టైలరు గదికి సున్నం వేస్తుంటే మీ బావ నిచ్చెన తగిలి పడింది అది. మొదటి రోజే చూశా."

"తెలిసీ నోరు మూసుకున్నావా?"

"తెలిసినది చెప్పకూడదు, చూసినదే చెప్పాలి ఇక్కడ. నువ్వు నాకేం చూపించావు? బీరువా చూపించావు. బీరువా చెప్పాను. దాని వెనకాల ఏముందో నేను చెబితే, తోడికోడలి లేమిని ఊరంతా చాటిందని నువ్వే అందువు. నాకు నువ్వు పెట్టిన పేరు ఒకటి చాలు, రెండోది వద్దు."

చిన్నది చివరి మాట ఎదుటి మనిషికే వదిలి, వరండా దిగి వెళ్ళిపోయింది. ఆమె జీవితంలో అది అరుదైన సంఘటన. అందుకని ఆమె పెద్దదానిని ఇంకా ఎక్కువగా ద్వేషించింది.

ఆ వారం నడుమలో ఒక ఉదయం పిల్ల బడికని మెట్లెక్కుతూ సగంలో కూర్చుండిపోయింది. పెదవులు నీలంగా ఉన్నాయి. మాట రాలేదు, తల్లి కొంగు పట్టుకొని, చేపలాగా నోరు తెరిచి మూసింది. ఆసుపత్రిలో ఆవిరి పట్టి, సూది వేసి, మధ్యాహ్నానికి కుదుటపరిచారు. చూడడానికి వచ్చిన డాక్టరు ఈసారి మందు మాట ఎత్తలేదు. "గోడ మార్చారా?" అని మాత్రం అడిగాడు. దాచడంలో పండిపోయిన ఆ మనిషికి ఆ ప్రశ్న ముందు దాచుకోవడానికి ఏమీ మిగలలేదు.

సాయంత్రం పిల్లను మగడికి అప్పగించి ఆమె పెద్దదాని గది వైపు నడిచింది. తలుపు తీసే ఉంది. లోపల పెద్దది ఉల్లిపాయలు తరుగుతోంది. చిన్నది గడప బయట నిలిచింది. లోపలినుంచి చూపు వచ్చి తాకింది గాని, పిలుపు రాలేదు. ఉల్లిపాయలు పూర్తయ్యాయి. పెద్దది చేతులు కడుక్కుంది, తుడుచుకుంది, గిన్నె మీద మూత పెట్టింది. ఇదంతా అవసరమైన దానికంటే నెమ్మదిగా చేసింది. అడగందే అమ్మైనా పెట్టదు. ఈమె అమ్మ కూడా కాదు.

చిన్నది గడప దాటింది. ఒట్టు తీసి గట్టున పెట్టింది.

"మళ్ళీ రావాలి. ఇప్పుడే. చెప్పకుండా వచ్చినట్టే రావాలి."

"ఎవర్ని పిలుస్తున్నావు? నాకో వరస ఉందిగా."

చిన్నది దవడలు బిగించింది. "రా, అక్కా."

ఆ మాట తిట్టు కంటే కటువుగా వచ్చింది. అయినా పెద్దది చెప్పులు వేసుకుంది.

మగడు పిల్లను కనిపెట్టుకొని కూర్చున్నాడు; గదిలో బీరువా తోడికోడళ్ళిద్దరూ కలిసి జరపవలసి వచ్చింది. పెద్దది ఒక పక్క భుజం ఆనించింది, చిన్నది మరోపక్క. అది జరిగిన కొద్దీ వాసన గది నిండింది. గోడను చూసి చిన్నది వెనకడుగు వేసింది. బీరువా నిలబెట్టేనాటికి మచ్చలుగా ఉన్న బూజు, ఇప్పుడు గాలి ఆడక, వెలుతురు తగలక, బీరువా నిలువునా నల్లని గొంగడిలా పరుచుకొని ఉంది. బీరువా వెనుక చెక్క ఉబ్బి, పొరలు విడిపోయి, మెత్తటి తెల్లని నూగు పట్టింది. వేలు పెడితే దిగబడింది. ఎరువు సొమ్ము బరువు చేటు అన్నారు. ఇక్కడ బరువు పిల్ల రొమ్ము మీద పడింది. దగ్గు పెరిగినది వానల వల్ల కాదు. తోడికోడలు నవ్వకూడదని తల్లి పెంచిన బూజు అది.

పెద్దది నవ్వలేదు. ఓదార్చనూ లేదు. గోడకు దగ్గరగా వెళ్ళి, అరచేయి ఆనించి చూసి, ఆ చేతిని దీపం దగ్గర పట్టి చూసుకుంది. దిండ్లకు ఆనుకొని కూర్చున్న పిల్ల వైపు తిరిగి, "ఎప్పటినుంచే నీకు ఇలాగ?" అని అడిగింది. "నువ్వు వచ్చినప్పుడల్లా నన్ను పంపించేస్తుంది పెద్దమ్మా," అంది పిల్ల, అడిగినదానికి సంబంధం లేకుండా. పెద్దది తోడికోడలి ముఖం చూసింది. ఆ చూపు కింద చిన్నది నిలబడి ఉండవలసి వచ్చింది.

"చూశా," అని పెద్దది వెళ్ళిపోయింది.

ఆదివారం సభలో ఆమె చూసినదంతా చెప్పింది. మొదట గోడ గురించి, తన అరచేతికి అంటిన నలుపు గురించి. తరువాత పిల్ల ఊపిరి చేసే శబ్దం గురించి. అంతటితో ఆపి ఉండవచ్చు. ఆపలేదు. బీరువా టైలరుదనీ, స్వయంగా పిలిచి దాని వెనుక చూపించారు కనుక ఇప్పుడది చెప్పే హక్కు తనకు వచ్చిందనీ, దానిని తడిగోడకు అడ్డం పెట్టారనీ, తాను వెళ్ళినప్పుడల్లా పిల్లను బయటికి పంపించేసేవారని పిల్లే తన ఎదుట అన్నదనీ, కుర్చీలు ఎవరివో, గ్లాసులు ఎవరివో వాటి సొంతదారులు ఈ హాలులోనే కూర్చొని ఉన్నారనీ, ఒక్కొక్కటి చదివినట్లు చెప్పింది. వెనుక బల్లల మీద ఎవరో కిసుక్కుమన్నారు. చిన్నది ఏ నవ్వు నుంచి జీవితమంతా పారిపోయిందో ఆ నవ్వు అదే. ఆమె లేవలేదు, తల దించుకోలేదు. వేడి తగిలిన మరకలాగా ఆ మాటలు ఒక్కొక్కటీ తన మీద నిలిచిపోవడం తెలుస్తూనే ఉంది. అయినా అవి ఆగిపోతే గది పోతుంది. చివరిదాకా విన్నది.

కార్యదర్శి బట్టీ దంపతులను సంప్రదించింది. వాళ్ళ కప్పు బాగుచేయించి, తరువాత ఖాళీ అయ్యే గది వాళ్ళకు ఇవ్వడానికి ఒప్పందం కుదిరింది. తూర్పు కిటికీ గది తాళంచెవి చిన్నదాని చేతికి వచ్చింది. అందుకు తగిన వెల మరో రూపంలో కూడా చెల్లింది. టైలరు వీధిలో నిలబడి నోటికి వచ్చినట్లు తిట్టాడు. చిన్నదాని మగడు బీరువాకు కొత్త వెనుక చెక్క బిగించి, కొట్టు ముందుభాగమంతా ఊరికే రంగు వేసి ఇచ్చాడు. ఆ తిట్లకు చిన్నది జవాబు చెప్పకపోవడం చూసి పేట విస్తుపోయింది.

కొత్త గదిలో చేరిన కొన్నాళ్ళకు పిల్ల ఒక రాత్రి దిండ్ల మీద నుంచి తనంతట తాను జారి, వెల్లకిలా పడుకుంది. మగడు నిద్రపోతున్న పిల్లనూ, పెళ్ళాన్నీ మార్చి మార్చి చూసి, వదినకు ఒక మంచి మాట చెబితే పోయేదేముందని మెల్లగా అన్నాడు.

"నలుగురిలో నన్ను నిలువునా ఒలిచింది."

"ఒలిచింది కాబట్టే పిల్ల పడుకుంది."

"అందుకే చెప్పలేను," అంది చిన్నది. పిల్ల మీద దుప్పటి సర్ది, "మెట్ల మీద ఎదురైతే పక్కకు తప్పుకుంటాను. అది చాలు దానికి. ఎలాగూ రోజూ దాని నెత్తి మీదే నడుస్తున్నాగా," అంది.

మరునాడు మెట్ల మీద ఎదురయ్యారు. చిన్నది తడిబట్టల బకెట్టుతో పైకి వస్తోంది. పెద్దది మేడ మీద పసిపిల్లల బట్టలు ఆరేసి కిందికి దిగుతోంది. చిన్నది గోడకు ఒదిగి దారి ఇచ్చింది. పెద్దది దాటుకుంటూ వెళ్ళి, కింది మెట్టు మీద ఆగింది.

"తడిబట్టలు గదిలో ఆరేయకు. ఈ గోడ కూడా పాడు చేస్తావు."

"నాకు తెలుసు," అంది చిన్నది, వెనుదిరగకుండా.

తన గది తలుపు దాటి, బకెట్టు చేయి మార్చుకొని, మేడ మీదికి ఎక్కింది. అక్కడ తాడు ఒకటే ఉంది. పెద్దది ఆరేసిన బట్టలు ఒక కొసన ఆరుతున్నాయి. చిన్నది తనవి రెండో కొసన ఆరేసింది. నడుమ బోలెడంత తాడు ఖాళీగా వదిలింది.